నడిచే గట్టే మడను ఎండగట్టింది: కోరింగ పక్కన ఐదెకరాల కేస్ స్టడీ

2018 వానాకాలంలో నాలుగు వేల మడ మొక్కలు నాటాం. మరుసటి ఏడాది మే నెలాఖరున వెళ్ళి లెక్కపెడితే మూడు వందలు కూడా లేవు. ఉన్నవి కూడా కాలువ అంచున, బిక్కుబిక్కుమంటూ. నాటిన రోజు ఫొటోలు మాత్రం ఇప్పటికీ మా దగ్గర భద్రంగా ఉన్నాయి. పచ్చ టోపీలు, బ్యానరు, మోకాళ్ళ దాకా బురద, అందరి మొహాల్లో నవ్వు. అందులో నేనూ ఉన్నాను.

ఆ మొక్కలు ఎందుకు చచ్చిపోయాయో తెలుసుకోవడానికి మాకు ఏడాది పట్టింది. తెలిశాక ఒప్పుకోవడానికి ఇంకో ఆర్నెల్లు. ఎందుకంటే కారణం మేమే.

స్థలం

గౌతమి నుంచి చీలి సముద్రం వైపు పోయే కోరింగ, గాడేరు ఏళ్ళ చుట్టూ పెరిగిన మడ అడవి ఇది. ఇందులో 235.70 చదరపు కిలోమీటర్లను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో ఆగి, అక్కడి చెక్క వంతెన మీద నడిచినవాళ్ళు చాలామందే ఉంటారు. మేము పనిచేసిన ఐదెకరాలు అక్కడ కాదు. ఆ సందడికి దూరంగా ఓ మత్స్యకార పల్లె వెనకాల ఉంది. పల్లె పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకో తర్వాత చెబుతాను.

నేను ఓ చిన్న స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ పని చూస్తాను. ఈ పని పల్లెలోని కమిటీ, అటవీ శాఖ కింది స్థాయి సిబ్బంది, మేము కలిసి చేసింది. అభయారణ్యం పరిధిలో గునపం దించాలన్నా అనుమతి కావాలి. తీసుకునే చేశాం. ఆ ఫైలు తిరిగిన కథ రాస్తే ఇంతకు రెండింతలవుతుంది, వదిలేస్తున్నాను.

డెల్టాలో నేల ఎంత చదునో బయటివాళ్ళకు చెప్పినా ఒక పట్టాన అర్థం కాదు. అమావాస్య, పౌర్ణమి పోట్లకు కూడా ఇక్కడ నీటి మట్టంలో తేడా ఒకటిన్నర మీటరుకు అటూఇటూ. అందులో జానెడు ఎత్తు అటో ఇటో అయితే చాలు, రోజూ రెండుసార్లు తడిసే నేల కాస్తా పక్షానికోసారి తడిసే నేల అయిపోతుంది. మడ చెట్లు ఆ జానెడు లెక్క చూసుకునే నిలబడతాయి. కాలువ ఒడ్డున ఒక రకం, కాస్త లోపల ఇంకో రకం, మెరక మీద మరో రకం. ఎవరూ నాటకుండానే వరుస తప్పకుండా ఉంటాయి.

దారి గట్టయిన వైనం

2016లో పల్లె నుంచి రేవు దాకా ఓ కాలిబాట వేశాం. బడి పిల్లలకు పక్షుల్నీ మడనూ చూపించాలని ఆలోచన. నాలుగు వందల మీటర్లు ఉంటుంది. మొదటి ఏడాది పోటు వచ్చినప్పుడల్లా బాట రొంపి అయిపోయేది. పిల్లల చెప్పులు బురదలో దిగబడి ఊడిపోయేవి, టీచర్లు విసుక్కునేవారు. దాంతో పక్కనే మట్టి తీసి బాటను నడుము ఎత్తు గట్టుగా పోశాం. పల్లెలో అందరూ మెచ్చుకున్నారు. చేపల గంపలతో వచ్చే ఆడవాళ్ళకు కూడా సుఖమైంది.

ఆ గట్టుకు అడ్డంగా అంతకుముందు రెండు బోదెలుండేవి. ఏ మ్యాపులోనూ లేని చిన్న బోదెలు. పోటు నీరు వాటిలోంచే లోపలికి వెళ్ళి, పాటుకు మళ్ళీ బయటికి వచ్చేది. ఒకదానికి సిమెంటు గొట్టం వేశాం. రెండోదాన్ని మట్టితో మూసేశాం, డబ్బు వచ్చాక అక్కడా గొట్టం వేద్దామని. డబ్బు వచ్చింది గానీ అది బోర్డులకు పోయింది. పక్షుల బొమ్మలతో ఆరు రంగుల బోర్డులు.

గట్టు వెనకాల ఐదెకరాల్లో అప్పటికే చెట్లు పలచగా ఉండేవి. రెండేళ్ళలో ఇంకా పలచబడి, మధ్యలో నేల తెల్లగా బయటపడింది. "ఖాళీగా ఉంది కదా, నాటేద్దాం" అనుకున్నాం. అప్పుడు మేము నాటింది ఉప్పు పొన్న. ఎందుకంటే దాన్ని నాటడం తేలిక. కాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి మునగకాయలా వేలాడుతుంది. తెచ్చి బురదలో గుచ్చడమే పని. వంద మంది వాలంటీర్లు ఉంటే ఒక్క పూటలో వేలల్లో గుచ్చేయొచ్చు, ఫొటో కూడా బాగా వస్తుంది. కానీ ఉప్పు పొన్నకు రోజూ పోటు తగలాలి. ఆ నేల దానిది కాదు. అక్కడ విరిగి పడి ఉన్న పాత మొద్దులన్నీ కాస్త మెరకన పెరిగే తెల్ల మడవి, తిల్లవి. మొద్దులు చూసినా తెలియాల్సిన సంగతి అది. మేము వాటి మీద కూర్చుని టిఫిన్లు తిన్నాం.

మొక్కలు వాడిపోతున్న రోజుల్లో మా పడవ నడిపే తాత ఓసారి గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత అన్నాడు: "బాబుగారూ, ఇందులోకి నీరు వస్తాది గానీ మళ్ళీ పోదండి. ఆవకాయ జాడీలో మొక్క పెట్టినట్టుందండి మీ పని." నేను నవ్వేసి ఊరుకున్నాను. డెబ్బై ఏళ్ళ మనిషి ఆ కాలువ మీదే పుట్టి పెరిగి చెప్పిన మాటను జోకు కింద తీసుకున్నాను.

చాక్‌పీసు కర్రలు

2019 ఎండల్లో లెక్క తేలాక గానీ కొలవడం మొదలుపెట్టలేదు. పెద్ద పరికరాలు ఏమీ లేవు. సరుగుడు కర్రలు ఇరవై తెచ్చి, ఒక్కోదానికి అంగుళం అంగుళానికి గీతలు పెట్టి, బడి చాక్‌పీసు మందంగా రుద్ది, కాలువ దగ్గర నుంచి లోపలి దాకా వరుసగా పాతాం. పోటు నీరు ఎంత ఎత్తుకు వస్తే అంత మేర చాక్‌పీసు కడుక్కుపోతుంది. కర్రల తలలన్నీ ఒకే మట్టంలో ఉండేట్టు, మేస్త్రీలు వాడే నీళ్ళ పైపుతో సరిచూశాం. గంట సేపటి పని. ఆ గంట 2018లో చేసి ఉంటే ఈ కేస్ స్టడీ రాసే అవసరమే వచ్చేది కాదు.

పదిహేను రోజులు చూశాం. గట్టు అవతల కాలువ వైపు కర్రలు రోజూ తడిశాయి. ఇవతల వైపు కర్రలు పౌర్ణమికి అటూఇటూ నాలుగు రోజులు మాత్రమే తడిశాయి. అదీ ఆ ఒక్క గొట్టంలోంచి, గట్టు కుంగిన ఒక చోట పైనుంచి దొర్లి. అసలు తేడా తడవడంలో లేదు, ఆరడంలో ఉంది. అవతల పాటు మొదలైన మూడు గంటల్లో నేల బయటపడితే, ఇవతల నీరు ఎనిమిది రోజులు అలాగే నిలిచి, ఎండకు ఇంకి, అంచుల్లో తెల్లటి పొర కట్టింది. తాత చెప్పిన జాడీ అదే.

ఉప్పు కొలవడానికి పక్క రొయ్యల చెరువు టెక్నీషియన్‌ని అడిగి సెలినిటీ మీటర్ తెచ్చుకున్నాం. డెల్టాలో అది దొరకని ఊరు లేదు. మోచేతి లోతు గుంట తీసి, అందులో ఊరిన నీటి చుక్క వేసి చూడాలి. సముద్రపు నీటిలో వెయ్యికి 35 వంతుల దాకా ఉప్పు ఉంటుంది. మా కాలువలో అప్పుడు 33 చూపించింది. ధవళేశ్వరం దగ్గర నీరు ఆగిపోయే ఎండాకాలంలో ఈ ఏళ్ళలో ఉండేది దాదాపు సముద్రమే కాబట్టి అది మామూలే. గట్టు ఇవతల గుంటలో 74 వచ్చింది. తప్పు చూశామేమోనని అద్దం తుడిచి మళ్ళీ వేశాం. 76.

తెల్ల మడ ఆకును నాలుక మీద పెట్టి చూసినవాళ్ళకు తెలుస్తుంది, పైన ఉప్పు పొర తగులుతుంది. వేళ్ళతో తాగిన ఉప్పును అది ఆకుల్లోంచి బయటికి కక్కేస్తుంది. అంత నేర్పున్న చెట్టుకు కూడా ఓ హద్దుంది. పైగా దాని వేళ్ళు బురదలోంచి పెన్సిళ్ళలా పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చుకుంటాయి. నిలవ నీటిలో అవి రోజుల తరబడి మునిగి ఉంటే చెట్టుకు ఊపిరాడదు. అంటే మా గట్టు వెనక చెట్లకు రెండు బాధలు: నీరు నిలిచినప్పుడు ఊపిరి అందక, అది ఇంకాక ఉప్పు ఎక్కువై.

గట్టుకు గండి

గట్టు తెగ్గొట్టాలని 2020 చివర్లో పల్లెలో మీటింగు పెట్టాం. మధ్యలో కరోనాతో ఆ ఏడాది సగం పోయింది. నేను ఊహించిన వ్యతిరేకత బడి నుంచి. వచ్చింది మాత్రం ఆడవాళ్ళ నుంచి. "గట్టు తెగ్గొడితే గంపలతో ఎలా వెళ్ళాలండీ మేము? మీరు ఆదివారం వచ్చి పోతారు, మాకు రోజూ పని" అని ఒకావిడ లేచింది. న్యాయమైన మాట. మేము జవాబు వెతుక్కుంటుంటే తాత కల్పించుకున్నాడు. "తొంభై ఆరు తుపాను రాత్రి నువ్వు చంటిదానివి. మీ అమ్మ నిన్నెత్తుకుని ఎటు పరిగెత్తిందో అడుగు. ఆ మడ లేకపోతే ఈ మీటింగుకు మనం లేము." 1996 నవంబర్ 6 రాత్రి సంగతి ఎత్తాక ఈ పల్లెల్లో ఇక వాదన నడవదు. కోరింగ అన్న పేరే తుపానుల పేరు. ఒకప్పుడు ఓడలు వచ్చిన ఆ రేవు 1839 తుపానులో నాశనమైంది. ఆడవాళ్ళు ఒప్పుకున్నారు, ఒక షరతు మీద: గండి పడ్డ రోజే దాని మీద వంతెన ఉండాలి.

2021 జనవరి నుంచి మార్చి దాకా తవ్వాం. పాత బోదెలు ఉన్న చోటే గట్టుకు రెండు గండ్లు. అక్కడి నుంచి లోపలికి ఒక్కో పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా చేప ముల్లులా పిల్ల కాలువలు. ఈ పద్ధతి మాది కాదు. స్వామినాథన్ పరిశోధన సంస్థ వాళ్ళు తమిళనాడులోని పిచ్చావరంలోనూ, తర్వాత ఈ గోదావరి మడల్లోనూ పల్లెల వాళ్ళతో కలిసి చేసి చూపించిందే. పిల్ల కాలువలు పెద్దదానికి లంబంగా కాకుండా 45 డిగ్రీల కోణంలో ఏటవాలుగా కలవాలి. మూల తిరిగే చోట నీరు తడబడితే ఒండ్రు అక్కడే దిగిపోతుంది. అడ్డుకోతలో కాలువ పైన వెడల్పు, అడుగున ఇరుకు. మావి పైన నాలుగు అడుగులు, అడుగున అడుగున్నర, లోతు రెండడుగులు.

మెషీన్లు పెట్టలేదు. పెట్టినా దిగబడేవే. పారతో బురదను ఇటుకల్లా కోసి, చేతుల మీదుగా అందించుకుంటూ వెళ్ళడమే. పాటు పట్టిన మూడు గంటలే పని సమయం. తాతకు వాచీ లేదు. "రోజుకు రెండు గడియలు వెనక్కి జరుగుద్దండి" అని తిథిని బట్టి మరుసటి రోజు వేళ చెప్పేవాడు. గడియ అంటే 24 నిమిషాలు. నా ఫోన్లోని పోటుపాట్ల పట్టికకూ ఆయన లెక్కకూ పది నిమిషాలకు మించి తేడా వచ్చిన రోజు లేదు.

ఇక్కడ ఇంకో తప్పు చేశాం. తవ్విన బురదను కాలువ ఒడ్డునే వరుసగా పోస్తూ పోయాం. పది రోజులయ్యాక చూస్తే పెద్ద కాలువకు రెండు వైపులా కొత్త గట్లు లేచాయి! ఒక గట్టు తెగ్గొట్టడానికి వచ్చి రెండు కట్టాం. మళ్ళీ దాన్ని తీసి, విడివిడిగా గుట్టలుగా పోసి, మధ్యలో నీటికి సందులు వదిలాం. ఈ గుట్టల సంగతి తర్వాత వస్తుంది.

వంతెనలకు మొదట కొబ్బరి దుంగలు వేశాం. కోనసీమ పక్కన ఉండి ఇంకేం వేస్తాం? రెండు వానాకాలాలకే అడుగు భాగం మెత్తబడి, పిండిలా రాలడం మొదలైంది. ఇప్పుడున్నవి తాటి దుంగలు, బాగా చేవ తేలినవి. మేకులు కూడా ఉప్పు గాలికి ఏడాదిలో తుప్పు తింటాయి కాబట్టి నైలాను తాడుతో బిగించాం. వలలు అల్లే చేతులు వేసిన ముడి, ఇంతవరకు వదల్లేదు.

నీరు ఆడిన తర్వాత

ఆ ఏడాది మేలో అదే గుంట పక్కన మళ్ళీ కొలిస్తే 41. మొక్కలు నాటింది ఆ వానాకాలంలోనే, ఆరు వందలు మాత్రమే. అన్నీ తెల్ల మడ. పిల్ల కాలువ అడుగున కాదు, గట్టున కాదు, వాలుకు సరిగ్గా మధ్యలో. అడుగున పెడితే మునిగిపోతాయి, పైన పెడితే ఎండిపోతాయి.

2022 ఎండాకాలంలో గేదెలు పడ్డాయి. తెల్ల మడ ఆకంటే గేదెలకు ప్రాణం. ఒక్క రాత్రిలో రెండు పిల్ల కాలువల మీది మొక్కలు మొండి పుల్లలయ్యాయి. కంచె వేద్దామని మా ఆఫీసు అంది. పల్లెలో గేదెలున్న ఇళ్ళు తొమ్మిదే. ఆ తొమ్మిది ఇళ్ళకు వెళ్ళి మాట్లాడాం. వాళ్ళే పాత వలలు తెచ్చి మెరక వైపు కట్టారు. ఇప్పటికీ నెలకోసారి ఎవరిదో ఒక గేదె దూరుతుంది. పెద్ద గొడవేం కాదు.

ఆ జూలైలో వరద. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. ఎర్రనీరు దిగాక చూస్తే కాలువల్లో సగానికి సగం ఒండ్రు. మా వాళ్ళకు నీరసం వచ్చేసింది. కానీ ఆ వరదే ఇంకో పని కూడా చేసింది. పై నుంచి తెల్ల మడ కాయలు, తిల్ల గింజలు కొట్టుకొచ్చి, గండ్లలోంచి లోపలికి వెళ్ళి, ఒండ్రు మీద దిగాయి. అక్టోబరులో మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే, రెండేసి దళసరి ఆకులు విప్పుకుని, బొటనవేలంత మొలకలు, అడుగు పెట్టడానికి చోటు లేకుండా. 2024 జనవరిలో లెక్కేస్తే మేము నాటిన ఆరు వందల్లో నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి. వాటంతట అవే మొలిచినవి రెండు వేలు దాటాక లెక్కపెట్టడం మానేశాం.

ఈ మధ్య మడ నాటే పథకాలకు ఊపు వచ్చింది. 2023లో కేంద్రం మిష్టి పథకం మొదలుపెట్టాక అందరూ ఎన్ని మొక్కలు, ఎన్ని హెక్టార్లు అని అడుగుతున్నారు. మేము రిపోర్టులో "ఆరు వందల మొక్కలు" అని రాస్తే, ఒక సున్నా మర్చిపోయారా అని ఫోను వచ్చింది. కాలువల పొడవు రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

తిరిగొచ్చినవాళ్ళు

విడివిడిగా పోసిన బురద గుట్టలని చెప్పాను కదా. 2023 శీతాకాలంలో వాటి మీద పేడకడిలాంటిది కనిపించింది. పుల్లతో విడదీస్తే అంతా చేప పొలుసులు, పీత డిప్ప ముక్కలు, ఘాటైన చేపల కంపు. నీటి కుక్కలు. అవి ఎప్పుడూ ఒకే మెరక చోటుకు వచ్చి దొడ్డికి కూర్చుంటాయి. నీటికి పక్కనే, చుట్టూ కనిపించే ఎత్తు కావాలి వాటికి. మా తప్పులోంచి పుట్టిన గుట్టలు వాటికి సరిపోయాయి.

ఇక్కడ పేర్లతో ఓ చిక్కుంది. చేపలు పట్టి తినే అడవి పిల్లి, బావురు పిల్లిని కొందరు నీటి పిల్లి అంటారు, నీటి కుక్కను కూడా ఇంకొందరు నీటి పిల్లే అంటారు. అందుకని ఎవరైనా "నీటి పిల్లిని చూశాం" అంటే మేము మొదట అడిగేది "ఒకటా, గుంపా?" అని. గుంపైతే నీటి కుక్కలు, ఒంటరిదైతే బావురు పిల్లి. బురదలో అడుగు దొరికితే ఇంకా నయం. మామూలు పిల్లి గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది, బావురు పిల్లి గోళ్ళు పూర్తిగా ముడుచుకోవు, కాబట్టి వేళ్ళ ముందు చిన్న చుక్కలు పడతాయి. ఒంటి అడుగులు, ముందు చుక్కలు, రెండో గండి దగ్గర దొరికాయి. అటవీ సిబ్బంది దగ్గర కెమెరా ఒకటి అడిగి తెచ్చి వంతెన కింద కట్టాం.

పదకొండో రాత్రి ఫొటో పడింది. పాటు వేళ. లోపలి నీరు గండిలోంచి బయటికి వస్తోంది, దాంతో పాటు చిన్న చేపలు. గండి పెదవి మీద బావురు పిల్లి కూర్చుని ఉంది. బలిసిన మెడ, పొట్టి తోక, ఒంటి మీద వరుస మచ్చలు. ఒక ముంగాలు నీటిలో, రెండోది గాలిలో ఆగి ఉంది. తరువాతి ఫొటోలో గండి ఖాళీ.

సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. పక్క రొయ్యల చెరువు ఆయన, మాకు సెలినిటీ మీటర్ ఇప్పించినాయనే, పొద్దున్నే వచ్చి కేకలేశాడు. పండుగప్ప చేపలు వేసిన చెరువులో నీటి కుక్కలు పడ్డాయట. "మీరు పెంచుతున్నారు, నేను మేపుతున్నాను" అన్నాడు. గట్టు మీద కరెంటు తీగ కడతానని కూడా అన్నాడు. చట్టం సంగతి చెప్పొచ్చు. బావురు పిల్లి వన్యప్రాణి చట్టంలో ఒకటో షెడ్యూలు జంతువు, తీగకు అది తగిలినా జైలే. కానీ నష్టపోయి వచ్చిన మనిషికి ముందు చట్టం చదివి వినిపిస్తే తీగ రాత్రికే పడుతుంది. ఆయనతో కలిసి చెరువు చుట్టూ తిరిగాం. జంతువులు దిగుతున్నది ఒకే మూలన, నీరు వదిలే తూము దగ్గర. అక్కడ పాత ట్రాల్ వలను రెండు వరుసలు కట్టి, అడుగు అంచును బురదలోకి మోచేతి లోతున పాతాం. చాలావరకు ఆగాయి. పూర్తిగా ఆగలేదు. పట్టుబడికి ముందు నెల రోజులు ఆయన, కొడుకు, రాత్రిళ్ళు టార్చి పట్టుకుని కాపలా ఉంటున్నారు. ఆ టెన్షన్ వాళ్ళదే, మేము పంచుకోలేం. తీగ మాత్రం ఇంతవరకు కట్టలేదు.

బాటను ఇప్పుడు వేరేగా చూస్తున్నాం. రంగుల బోర్డుల్లో మూడు తీసేసి, ఒకటే పెట్టాం: ఈ వారం పోటు ఏ వేళకు, బాట ఎప్పుడు మునుగుతుంది. మునిగినప్పుడు మునగనివ్వడమే, పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తారు. ఇంకో చిన్న మార్పు. బాట పక్క తిల్ల కొమ్మలకు ఎర్ర గుడ్డ కట్టాం. ఓ పిల్లాడు కొమ్మ విరిచి, పాలు అంటిన చేత్తో కన్ను నలుపుకుని రెండు రోజులు కన్ను తెరవలేకపోయాడు. అంతకుముందు ఆ చెట్టు గురించి బోర్డు మీద నాలుగు లైన్లు ఉండేవి, ఎవరూ చదవలేదు.

పల్లె పేరు ఎందుకు రాయలేదంటే ఆ పిల్లి ఫొటో వల్ల. మాలోనే ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. వచ్చిన ఆదివారం రాత్రి నాలుగు కార్లు, పెద్ద పెద్ద లైట్లు. తాతకు వెయ్యి రూపాయలు ఇస్తామని పడవ అడిగారు. ఆయన పడవకు చిల్లు పడిందని చెప్పి పంపించాడు. తర్వాత రెండు నెలలు గండి దగ్గర అడుగులు లేవు. మళ్ళీ కనిపిస్తున్నాయి, కెమెరా పెట్టలేదు.

ఈ ఏడు వరదకు రెండో గండి తాలూకు పెద్ద కాలువ మళ్ళీ పూడింది, అడుగున్నర ఒండ్రు. పుష్య అమావాస్య దాటిన మూడో రోజుకు తెల్లవారే వేళ పాటు పడుతుందని తాత లెక్క. పారలు రేవులోనే ఉంచాం.